సిగ్నల్ బాగుంటేనే నెట్ తొందరగా అయిపోతుంది

(హనుమకొండలోని ఒక గ్రంథాలయంలో ఆదివారం పొద్దున జరిగిన ప్రసంగం ఇది. పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లు, రోజూ పేపర్ చదవడానికి వచ్చే పెద్దలు విన్నారు. రాలేకపోయినవాళ్లు అడిగితే రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పెద్దవాళ్లు ఎవరికైనా మైకు వినబడకపోతే చెయ్యెత్తండి, గట్టిగా మాట్లాడతా.

ముందు ఒక ప్రశ్న అడుగుతా. మీలో చాలామంది నయీంనగర్‌లో, కిషన్‌పురలో రూములు తీసుకుని ఉంటున్నారు. ములుగు నుంచి, ఏటూరునాగారం నుంచి, భూపాలపల్లి నుంచి వచ్చినవాళ్లున్నారు. పండుగకు ఊరికి పోతారు కదా. ఊళ్లో పని ఏముంటుంది, రోజంతా ఫోనే. అయినా రాత్రి పడుకునేటప్పటికి నెట్ ఇంకా మిగిలే ఉంటుంది. మళ్లీ హనుమకొండకు వస్తారు. అదే ఫోన్, అదే సిమ్, అదే రోజుకు ఒకటిన్నర జీబీ. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చునేసరికి మెసేజ్ వస్తుంది, మీ డేటా తొంభై శాతం అయిపోయిందని. ఎందుకు? ఇక్కడ ఎక్కువ చూస్తున్నారా? చదువుకోవడానికి వచ్చిన చోట, పండుగ సెలవుల్లో చూసినదానికంటే ఎక్కువ చూస్తున్నారా?

ఏమన్నావు తమ్ముడూ? కంపెనీవాళ్లు కోసేస్తున్నారా? చాలామంది అదే అనుకుంటారు. రీఛార్జ్ షాపుల దగ్గర రోజూ ఇదే గొడవ. "ఏం చూడకముందే నెట్ అయిపోయింది" అంటారు. కంపెనీ లెక్కకూ ఫోన్ చూపించే లెక్కకూ కొంచెం తేడా వస్తే రావచ్చు. కానీ పొద్దున్నించి మధ్యాహ్నానికి జీబీ మాయమయ్యేంత తేడా అందులో ఉండదు. అసలు సంగతి వేరే ఉంది. ఇక్కడ సిగ్నల్ బాగుంది. సిగ్నల్ బాగుంది కాబట్టే మీ నెట్ తొందరగా అయిపోతోంది. ఈ ఒక్క మాట అర్థమైతే నేను చెప్పబోయే మిగతాదంతా మీకు మీరే చెప్పుకోవచ్చు.

ఎలాగో చూడండి. యూట్యూబ్ అయినా, జియోహాట్‌స్టార్ అయినా, నెట్‌ఫ్లిక్స్ అయినా వీడియో మొత్తం ఒక్కసారిగా రాదు. దాన్ని ముందే కొన్ని సెకన్ల ముక్కలుగా కోసిపెడతారు. ఒక్కో ముక్కనూ నాలుగైదు రకాలుగా తయారుచేసి ఉంచుతారు. మసకమసకగా కనబడేది ఒకటి, కొంచెం నయమైనది ఒకటి, ముఖం మీద చెమట చుక్క కూడా కనబడేది ఒకటి. మీ ఫోన్ ఒక ముక్క తెచ్చుకుంటుంది. ఎంత వేగంగా వచ్చిందో చూసుకుంటుంది. వేగంగా వచ్చిందా, తర్వాతి ముక్క ఇంకా మంచిది అడుగుతుంది. ఆలస్యమైందా, ఒక మెట్టు దిగి మసకది అడుగుతుంది. వీడియో మధ్యలో ఉన్నట్టుండి బొమ్మ అలుక్కుపోయి మళ్లీ తేటపడటం మీరంతా చూసే ఉంటారు. అప్పుడు జరిగేది ఇదే. దీని పేరే 'ఆటో'. సెట్టింగుల్లో క్వాలిటీ అని ఉండేచోట ఎవరూ ముట్టుకోకపోతే ఉండేది ఈ ఆటోనే.

ఇప్పుడు చెప్పండి, ఆటో దేన్ని చూసి నిర్ణయం తీసుకుంటోంది? స్పీడును చూసి. తెర సైజును కూడా కొంత చూస్తుంది. మరి మీ ప్యాక్ ఎంత? ఇవాళ ఇంకా ఎంత మిగిలింది? సాయంత్రం మాక్ టెస్ట్ ఉందా? ఇవేవీ దానికి తెలియవు. కారు కిరాయికి మాట్లాడుకుని డీజిల్ మీరే పోయించారనుకోండి. రోడ్డు ఖాళీగా కనబడితే డ్రైవర్ తొక్కుతూనే ఉంటాడు, డీజిల్ ఎవరిదని ఆలోచించడు. తాడ్వాయి అడవి దాటి పోతుంటే సిగ్నల్ ఒక్క గీత మీద ఉంటుంది, అక్కడ ఫోన్‌లోని ఆటో కిక్కురుమనకుండా 240 మీద, అంటే మసక బొమ్మ మీద నడుస్తుంది. హనుమకొండ చౌరస్తాలో నిండా సిగ్నల్. నేరుగా తేటగా కనబడే 720కి, 1080కి ఎక్కుతుంది. మీరు చూసింది అదే పాఠం, అదే అరగంట. ఖర్చు మాత్రం అయిదారింతలు.

సరే, లెక్కలోకి వద్దాం. రాసుకునేవాళ్లు రాసుకోండి. గ్రూప్స్ సిలబస్‌లో లేదు గానీ పనికొస్తుంది. స్పీడు ఎంబీపీఎస్‌లో చెబుతారు, అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లు అని. ప్యాక్ ఏమో జీబీల్లో, అంటే గిగాబైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. గంటకు 3,600 సెకన్లు. ఒక ఎంబీపీఎస్‌తో గంటసేపు వీడియో నడిస్తే 3,600 మెగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తే 450. అంటే గంటకు 450 ఎంబీ. ఈ 450 ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రెండు ఎంబీపీఎస్ అయితే 900. నాలుగు అయితే 1,800. ఎవరినీ అడగక్కర్లేదు.

ఇక వీడియోల సంగతి. ఇవి సుమారు లెక్కలు, వీడియోను బట్టి మారతాయి, ఎందుకు మారతాయో తర్వాత చెబుతా. 144పీలో గంటకు వంద ఎంబీ లోపు. 360పీలో మూడు వందల ఎంబీ అటూ ఇటూ. 480పీలో ఐదు వందల దరిదాపు. 720పీకి వచ్చేసరికి జీబీ దగ్గరికి పోతుంది, ఒక్కోసారి దాటుతుంది. 1080పీలో ఒకటిన్నర నుంచి రెండు జీబీ, ఇంకా పైకి కూడా. మన ఒకటిన్నర జీబీ ప్యాక్‌ను దీని పక్కన పెట్టి చూడండి. 360లో చూస్తే దాదాపు ఐదు గంటలు. 480లో మూడు గంటలు. 1080లో? గంట గడవకముందే అయిపోవచ్చు. ఒకే ప్యాక్ ఒకరికి ఐదు గంటలు వస్తే ఇంకొకరికి గంట కూడా రాదు. తేడా ఎక్కడుంది? ఒక్క సెట్టింగులో ఉంది.

ఇంతెందుకు పెరుగుతుంది అంటారా? 360పీ అంటే అడ్డం 640, నిలువు 360 చుక్కలు. గుణిస్తే రెండు లక్షల ముప్పై వేలు. 720పీ అంటే 1,280, 720. గుణిస్తే తొమ్మిది లక్షల ఇరవై వేలు. పేరు చూస్తే రెండింతలే అనిపిస్తుంది, చుక్కలు నాలుగింతలు. డేటా సరిగ్గా నాలుగింతలు పెరగదు, కుదింపులో కొంత తగ్గుతుంది. కానీ దగ్గరదగ్గరగా పోతుంది.

మరి ఆ చుక్కలు మన కంటికి కనబడుతున్నాయా? ఫోన్ ఒకసారి నిలువుగా పట్టుకోండి, ఇలా. బస్సులో చాలామంది ఇలాగే పట్టుకుని చూస్తారు. వీడియో వెడల్పు ఏడు సెంటీమీటర్లు ఉంటుందేమో, ఎత్తు నాలుగు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. అందులో ఇరవై లక్షల చుక్కలు పోస్తే ఏం కనబడుతుంది? నన్నడిగితే ఫోన్‌లో 480 దాటడం వృథా. అడ్డంగా తిప్పి చూసినా 480కీ 720కీ తేడా పట్టాలంటే ముక్కు దగ్గర పెట్టుకోవాలి. టీవీకి పెట్టినప్పుడు వేరే సంగతి, అక్కడ తేడా తెలుస్తుంది.

ఇందాక చెబుతానన్నాను కదా, ఒకే 480లో కూడా వీడియోను బట్టి డేటా మారుతుందని. ఇది నాకు ఇష్టమైన సంగతి, కొంచెం ఓపిక పట్టండి. వీడియోను కుదించేటప్పుడు ప్రతి బొమ్మనూ మొత్తంగా దాచరు. ముందటి బొమ్మకూ దీనికీ ఏం మారిందో అదే దాస్తారు. లెక్కల సార్ బోర్డు ముందు నిలబడి పాఠం చెబుతున్నాడు. గోడ మారలేదు, బోర్డు మారలేదు. సార్ చెయ్యి, పెదాలు, కొత్తగా రాసిన నాలుగు అంకెలు, ఇంతే మారింది. పంపాల్సింది తక్కువ. ఇప్పుడు మేడారం జాతర వీడియో పెట్టండి. సమ్మక్క గద్దెకు వస్తోంది. లక్షల తలలు కదులుతున్నాయి, దుమ్ము లేస్తోంది, బెల్లం ముద్దలు గాల్లో ఎగురుతున్నాయి, కెమెరా కూడా జనంతోపాటే ఊగుతోంది. బొమ్మలో ఏ మూల చూసినా ముందటి క్షణంలా లేదు. అంతా కొత్తగా పంపాలి. అందుకే అదే అరగంట, అదే 480, డేటా మాత్రం పాఠానికి తక్కువ, జాతరకు ఎక్కువ. కబడ్డీ, క్రికెట్, వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ, ఇవన్నీ జాతర లెక్కలోకే వస్తాయి. దేవుడి ఫొటో పెట్టి వెనక భజన వినిపించే వీడియో బోర్డు లెక్కలోకి వస్తుంది, ఇంకా తక్కువే.

కాబట్టి అన్నిటికీ ఒకే క్వాలిటీ అని నేను చెప్పను. నేను చూసే పద్ధతి చెబుతా, నచ్చితే తీసుకోండి. మాట వింటే చాలు అనుకునేవాటికి, అంటే చర్చలు, ప్రసంగాలు, ఒగ్గు కథ, వీటికి 144 అయినా 240 అయినా ఏ ఇబ్బందీ లేదు. కరెంట్ అఫైర్స్‌లో పెద్ద అక్షరాలతో స్లైడ్లు చూపిస్తారు, దానికి 360 చాలు. బోర్డు మీద చిన్నచిన్నగా లెక్కలు చేసే క్లాసుకు మాత్రం పిసినారితనం వద్దు, 480 పెట్టుకోండి. అంకె నెత్తిన ఉన్న ఘాతం రెండో మూడో కనబడకపోతే పాఠమే తప్పుతుంది. క్రికెట్‌కు కూడా 480. పాటల వీడియోలు పెట్టి ఫోన్ జేబులో వేసుకుని తిరిగేవాళ్లు ఉంటారు. తమ్ముడూ, నవ్వుతున్నావు, నువ్వేనా? జేబుకు బొమ్మ ఎందుకు? పాటల యాప్‌లో పాట మాత్రమే వింటే, మంచి క్వాలిటీలో 128 కేబీపీఎస్, అంటే సెకనుకు 128 కిలోబిట్లు పెట్టుకున్నా గంటకు 58 ఎంబీ దాటదు.

ఇప్పుడు ఫోన్లు బయటికి తీయండి. యూట్యూబ్ తెరవండి. మీ బొమ్మ ఉన్నచోట నొక్కి సెట్టింగుల్లోకి పోండి. అందులో 'వీడియో క్వాలిటీ ప్రిఫరెన్సెస్' అని ఉంటుంది. దాంట్లో రెండు వరుసలు, ఒకటి మొబైల్ నెట్‌వర్క్‌కు, ఒకటి వైఫైకి. మొబైల్ వరుసలో 'డేటా సేవర్' నొక్కండి. దొరికిందా? ఆ అక్కకు కాస్త చూపించమ్మా, పక్కనే ఉన్నావు.

ఇక్కడ చాలామంది పొరపడతారు, వినండి. వీడియో నడుస్తుండగా పైన గేర్ గుర్తు నొక్కి క్వాలిటీ మారుస్తారు. 360 పెట్టేశాను, ఇక నిశ్చింత అనుకుంటారు. ఆ మార్పు ఆ ఒక్క వీడియోకే. తర్వాతి వీడియోకు మళ్లీ పాత పద్ధతికే పోతుంది. ఎప్పటికీ ఉండాలంటే ఇప్పుడు చెప్పిన చోటే మార్చాలి. ఇక్కడ డేటా సేవర్ పెట్టుకోండి, లెక్కల క్లాసు వచ్చినప్పుడు మాత్రం గేర్ నొక్కి 480 చేసుకోండి. మామూలుగా తక్కువ, అవసరానికి ఎక్కువ. ఇప్పుడు మీ ఫోన్లలో ఉన్నది దీనికి తలకిందులు.

నెట్‌ఫ్లిక్స్‌లో ఈ వెసులుబాటు ఇంకా స్పష్టంగా ఉంది, వాళ్లే లెక్క చెబుతారు. మొబైల్ డేటా మీద ఆటోమేటిక్ అయితే జీబీకి దాదాపు నాలుగు గంటలు. 'సేవ్ డేటా' పెడితే ఆరు గంటలు. 'మాగ్జిమమ్' పెడితే ఇరవై నిమిషాలకే ఒక జీబీ. మిగతా యాప్‌లలో కూడా వీడియో క్వాలిటీ అని వెతకండి, ఏదో ఒక మూల ఉంటుంది.

సరే, అసలు మీ నెట్ ఎక్కడికి పోతోందో మీకు తెలుసా? అనుకోవడం కాదు, చూడాలి. ఫోన్ సెట్టింగుల్లో నెట్‌వర్క్, దాంట్లో సిమ్, దాంట్లో డేటా యూసేజ్. ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఒక్కో చోట ఉంటుంది. పైన వెతికే గడిలో 'డేటా' అని కొడితే వచ్చేస్తుంది. ఈ చెల్లెలు ధైర్యంగా ఫోన్ ఇచ్చింది. చదవనా అమ్మా? ఈ నెల లెక్క. యూట్యూబ్ పన్నెండు జీబీ. ఇన్‌స్టాగ్రామ్ తొమ్మిది జీబీ. వాట్సాప్ రెండు. క్రోమ్ జీబీ లోపే. ఏమన్నావమ్మా? "ఇన్‌స్టా చూడనే చూడ సార్" అంటోంది. చూడదు, నిజమే, కూర్చుని చూడదు. పుస్తకం మూసి నీళ్లు తాగడానికి లేచినప్పుడు చూస్తుంది. బస్సు కోసం నిలబడ్డప్పుడు చూస్తుంది. రీల్ ఒకటి చూస్తుండగానే దాని కింది రీల్ ముందే దిగిపోతుంది. పైకి తోసిన వెంటనే ఆడాలి కదా, అందుకని. మీరు రెండు సెకన్లు చూసి తోసేసినా, అది తెచ్చుకున్నది తెచ్చుకున్నట్టే, లెక్కలో పడిపోతుంది. యూట్యూబ్ షార్ట్స్ కూడా ఇంతే. గంట పాఠం విన్నట్టు మనకు గుర్తుంటుంది, ఐదేసి నిమిషాలు పన్నెండుసార్లు తోసింది గుర్తుండదు. ఇన్‌స్టా సెట్టింగుల్లో మొబైల్ డేటా తక్కువ వాడమనే ఆప్షన్ ఉంది, ఆన్ చేసుకోండి. ఇంద అమ్మా, నీ ఫోన్. థాంక్స్.

ఇదే పేజీలో ఇంకో రెండు ఉంటాయి. డేటా వార్నింగ్ ఒకటి, డేటా లిమిట్ ఒకటి. ఇంత దాటితే చెప్పు, ఇంత దాటితే ఆపెయ్ అని ఫోన్‌కే చెప్పొచ్చు. అవి నెల ప్యాక్ రోజుల కోసం పెట్టినవి. 2016 సెప్టెంబర్ 5న జియో రాకముందు మనం ఒక జీబీకి రెండున్నర వందలు పెట్టి నెలంతా వాడుకునేవాళ్లం, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు అవి బాగా పనికొచ్చేవి. ఇప్పుడు రోజు లెక్క కాబట్టి అంత అక్కరకు రావు. కొన్ని ఫోన్లలో రోజుకు ఇంత అని కూడా పెట్టుకోవచ్చు, ఉంటే పెట్టుకోండి.

రోజు లెక్క అన్నాను కదా, దాంట్లో మనకు లాభించేది కూడా ఒకటుంది. రాత్రి పదకొండు గంటలు. చదువు అయిపోయింది. ఇవాళ్టి నెట్ ఇంకా ఆరు వందల ఎంబీ మిగిలింది. పన్నెండు దాటితే అది ఏమవుతుంది? పోతుంది. రేపటి ఒకటిన్నరకు కలవదు. మిగిలింది శని, ఆదివారాలకు చేర్చే ప్యాక్‌లు కొన్ని ఉన్నాయి, మీది అలాంటిదేమో చూసుకోండి. మామూలుగా అయితే పోతుంది. మరి పోయేదాన్ని ఏం చేయాలి? రేపు వినాల్సిన పాఠాలు డౌన్‌లోడ్ పెట్టుకుని పడుకోండి. వీడియో కిందే డౌన్‌లోడ్ గుర్తు ఉంటుంది. డబ్బు కట్టని ఖాతాకు తక్కువ క్వాలిటీలోనే ఇస్తుంది, కొన్ని వీడియోలకు అసలు ఇవ్వదు. దిగింది గ్యాలరీలో కనబడదు, యూట్యూబ్‌లోనే ఉంటుంది, మధ్యమధ్యలో నెట్ తగిలించాలి. ఇన్ని షరతులున్నా లాభమే. ఎందుకంటే పరీక్షలకు చదివేవాళ్లు ఒక పాఠాన్ని ఒక్కసారే వినరు. మళ్లీ వింటారు, పరీక్ష ముందు ఇంకోసారి వింటారు. నేరుగా చూస్తే విన్న ప్రతిసారీ డేటా పోతుంది. డౌన్‌లోడ్ అయితే ఒక్కసారే.

ఇంకో మాట. టీశాట్ పాఠాలు మీలో చాలామంది ఫోన్‌లో చూస్తున్నారు. టీశాట్ విద్య, టీశాట్ నిపుణ రెండూ ఛానెళ్లు, కేబుల్ టీవీలో కూడా వస్తాయి. ఊరికి పోయినప్పుడు ఇంట్లో టీవీ ఉంటే దానికి నెట్‌తో పనే లేదు. ఇంట్లోవాళ్లు సీరియల్ ఆపుతారా అంటే, అది మీరూ మీ అమ్మగారూ తేల్చుకోవాలి.

ఇప్పుడు రూముల్లో ఉండేవాళ్లకు చెప్పాల్సింది, ఇది ముఖ్యం. హాట్‌స్పాట్. ఒకరి ఫోన్‌లో నెట్ ఉంటుంది, ఇంకొకరి లాప్‌టాప్‌కు ఇస్తారు. ఆ లాప్‌టాప్ ఏమనుకుంటుంది? వైఫై దొరికిందనుకుంటుంది. దానికి సంబంధించినంతవరకు అది ఇంట్లో వేయించుకున్న వైఫైతో సమానం. తెర పెద్దది, స్పీడు ఉంది, 1080కి ఎక్కుతుంది. అంతేనా? విండోస్ అప్‌డేట్ ఎన్నాళ్లుగానో వైఫై కోసం కాచుకుని కూర్చుంది, ఇప్పుడు మొదలుపెడుతుంది. మీరు పది నిమిషాలు అప్లికేషన్ నింపుదామని ఇస్తారు, జీబీ ఎగిరిపోతుంది. లాప్‌టాప్‌లో ఆ వైఫై పేరు మీద ప్రాపర్టీస్ నొక్కితే 'మీటర్డ్ కనెక్షన్' అని ఉంటుంది. అది ఆన్ చేస్తే విండోస్ పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆపుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా వైఫై పేరు నొక్కితే మీటర్డ్ అనే ఆప్షన్ దొరుకుతుంది. వీడియో క్వాలిటీ మాత్రం మీరే చేత్తో తగ్గించాలి. ఇంట్లో టీవీకి హాట్‌స్పాట్ ఇచ్చేవాళ్లకూ ఇదే మాట, టీవీకి ఇచ్చారంటే మొదట గేర్ నొక్కండి.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఇక మీరు అడగండి.

పెద్దాయన అడుగుతున్నారు, మైకు లేదు కాబట్టి నేను చెబుతా. "నేను పొద్దున వార్తలు, రాత్రి ఒగ్గు కథ తప్ప ఏమీ చూడను, అయినా తెల్లారేసరికి నెట్ ఉండదు." కథ వింటూ నిద్రపోతారా బాబాయ్? అదే. మీరు పడుకుంటారు, ఫోన్ పడుకోదు. ఒక కథ అయిపోగానే ఇంకోటి దానంతట అదే మొదలవుతుంది. పన్నెండు దాటాక నడిచేదంతా మర్నాటి ఖాతాలో పడుతుంది. మీరు లేచేసరికి ఇవాళ్టిది ఖాళీ. వీడియో మీద వేలు పెడితే పైన 'ఆటోప్లే' అని చిన్న స్విచ్ కనబడుతుంది, ఆపేయండి. అలాగే ప్లే స్టోర్ సెట్టింగుల్లో యాప్‌ల అప్‌డేట్ వైఫైలో మాత్రమే అని పెట్టండి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్‌కు మొబైల్ డేటా వద్దని పెట్టండి. వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటా తెరిస్తే మొబైల్ డేటాలో ఏవి వాటంతటవే దిగాలో టిక్కులు ఉంటాయి, వీడియోల దగ్గర టిక్ ఉంటే తీసేయండి. గుడ్ మార్నింగ్ వీడియోలు మీరు నొక్కితేనే వస్తాయి. నొక్కకపోయినా పంపినవాళ్లు ఏమీ అనుకోరు.

ఆ చివర తమ్ముడు. "రెండింతల స్పీడులో చూస్తే సగం నెట్టే పోతుందా?" మంచి ప్రశ్న. పోదు. వీడియో మొత్తం దిగాల్సిందే కదా. గంట పాఠం అరగంటలో అయిపోతుంది, డేటా గంట పాఠానిదే దాదాపు అంతా. కాలం కలిసొస్తుంది, నెట్ కలిసిరాదు. వెలుతురు తగ్గించడం, సౌండ్ తగ్గించడం, వీటితో కూడా డేటా తగ్గదు.

"డేటా అయిపోయాక కూడా నెట్ ఉంటుందంటారు, ఏమీ రావడం లేదు." ఉంటుంది, 64 కేబీపీఎస్. చాలా ప్యాక్‌లలో ఇంతే. మన లెక్క వేయండి. 64ను ఎనిమిదితో భాగిస్తే ఎనిమిది. సెకనుకు ఎనిమిది కిలోబైట్లు. గంటంతా వదిలేసినా ముప్పై ఎంబీ కూడా రాదు. 144పీ వీడియోకు కూడా అంతకు రెండు మూడింతలు కావాలి. అందుకే గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. వాట్సాప్ మెసేజ్ పోతుంది, వీడియో ఆశ పెట్టుకోవద్దు.

5జీ గురించి అడుగుతున్నారు. 2022 అక్టోబర్‌లో 5జీ మొదలైంది. కొన్ని ప్యాక్‌లకు 5జీ అన్‌లిమిటెడ్ ఇస్తున్నారు, మీది వాటిలో ఉందో లేదో యాప్‌లో చూసుకోండి. ఉన్నా కూడా మెలిక ఉంది. 5జీ సిగ్నల్ మీద ఉన్నంతసేపే అన్‌లిమిటెడ్. ఫోన్ 4జీకి మారిందా, రోజువారీ కోటా నుంచి కోస్తుంది. కాజీపేటలో రైలెక్కి వీడియో పెట్టుకుంటారు, పైన 5జీ అని ఉంటుంది. కొంచెం దూరం పోయాక 4జీ అవుతుంది, వీడియో ఆగదు కాబట్టి మీకు తెలియదు. ఊరి ప్రయాణాల్లో డేటా సేవర్ తీయకండి. స్టేషన్‌లో రైల్‌వైర్ వైఫై రోజూ మొదటి అరగంట ఉచితం. రైలు వచ్చేలోపు రెండు పాఠాలు దింపుకోవచ్చు. బ్యాంకు పనులు మాత్రం అక్కడ పెట్టుకోవద్దు.

చివరిది, ఆ అమ్మాయి. "రోజూ అదనంగా ఒక జీబీ వేయించుకుంటున్నాం, ఇంకా పెద్ద ప్యాక్ తీసుకోవాలా?" ఆ ఒక జీబీ బూస్టర్ ఇరవై రూపాయల దగ్గర్లో ఉంది. రోజూ వేస్తే నెలకు ఆరు వందలు, అసలు రీఛార్జ్ కాకుండా. ముందు ఒక వారం ఇప్పుడు మార్చిన సెట్టింగులతో చూడండి, బూస్టర్ అవసరం పడకపోవచ్చు. అయినా చాలకపోతే, మీ రూములో ఎంతమంది? నలుగురా? నలుగురూ రోజూ వేయిస్తుంటే పెద్ద ప్యాక్ గురించి ఆలోచించకండి. నెలకు నాలుగైదు వందలకు ఇంటికి వైఫై కనెక్షన్ వస్తోంది, టాక్స్ కలిపినా మీరు నలుగురు పంచుకుంటే మనిషికి వంద నుంచి నూట యాభై. ఓనర్‌ను అడిగి వైరు లాగించుకోండి. అప్పుడు మీ ఇష్టం, 1080లో చూసుకోండి.

సెట్టింగు దొరకనివాళ్లు ఫోన్ తీసుకుని ఈ బల్ల దగ్గరికి రండి. ఐఫోన్ వాళ్లు కొంచెం ఆగండి, మీది చివర్లో చూద్దాం, దాంట్లో దారి వేరు.